అరవై దాటాక పాటలు, బొమ్మలు: ఆరోగ్యమా, కాలక్షేపమా?

మెట్లదారి:
మా అమ్మ రోజూ వెళ్లే వృద్ధుల కేంద్రంలో ఉన్న డబ్బుతో ఒక్క టీచర్‌నే పెట్టుకోగలరట. వ్యాయామం టీచరా, పాటల టీచరా అని ఇంటివాళ్లను అడుగుతున్నారు. నా ఓటు వ్యాయామానికే. "పాడితే మతిమరుపు రాదు, బొమ్మలు గీస్తే బీపీ తగ్గుతుంది" అని వాట్సాప్‌లో తిప్పే మాటలతో పెద్దవాళ్లకు ఆశలు పెట్టడం నాకు అస్సలు నచ్చదు. పడిపోకుండా ఉండాలంటే కాళ్లలో బలం కావాలి, బ్యాలెన్స్ కావాలి, ఆ రెండూ వ్యాయామంతో వస్తాయని గట్టి రుజువులున్నాయి. పాటకు ఏముంది?

తంబుర:
ఎందుకు లేదండీ? జీన్ కోహెన్ అనే వృద్ధుల మానసిక వైద్యుడు అమెరికాలో చేసిన అధ్యయనం ఉంది, 2006లో అచ్చయింది. వాషింగ్టన్‌లో 80కి అటూఇటూ వయసున్న 166 మందిని తీసుకుంటే, అందులో కొందరు అనుభవమున్న సంగీత దర్శకుడి దగ్గర బృందగానం నేర్చుకుని కచేరీలు కూడా ఇచ్చారు, మిగతావాళ్లు ఎప్పటిలాగే ఉన్నారు. ఏడాది తర్వాత చూస్తే పాడినవాళ్లు డాక్టర్ దగ్గరికి వెళ్లడం తక్కువ, వాడే మందులు తక్కువ, ఒంటరితనం తక్కువ, మీరు భయపడే ఆ పడిపోవడం కూడా తక్కువే.

మెట్లదారి:
వాళ్లను చీటీలు వేసి ఎంచలేదు కదా. పాడదామని ముందుకొచ్చేవాళ్లు అప్పటికే కాస్త ఓపికున్నవాళ్లు అయ్యుంటారు. 2019లో వచ్చిన ఇంగ్లండ్ అధ్యయనమూ అంతే. 50 దాటిన 6,710 మందిని 14 ఏళ్లు గమనించి, కొన్ని నెలలకోసారైనా మ్యూజియానికో నాటకానికో కచేరీకో వెళ్లేవాళ్లకు చావు ముప్పు 31 శాతం తక్కువన్నారు. ఆస్తి, చదువు, జబ్బులు లెక్కలోకి తీసుకున్నాకే ఆ అంకె వచ్చిందని తెలుసు. అయినా మంచం దిగలేని మనిషి మ్యూజియానికి ఎలా వెళ్తాడు? ఏది కారణమో, ఏది ఫలితమో అందులో తేలదు.

లెక్కల మనిషి:
చీటీలు వేసి చేసింది కూడా ఉంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో 12 వృద్ధుల కేంద్రాలు, 390 మంది. కొన్ని కేంద్రాల్లో బృందగానం వెంటనే మొదలుపెట్టారు, మిగతావాటిని ఆరు నెలలు ఆగమన్నారు, ఏ కేంద్రం ఎటు అన్నది లాటరీ పద్ధతిలోనే తేల్చారు. పాడినవాళ్లలో ఒంటరితనం తగ్గింది, బతుకు మీద ఆసక్తి పెరిగింది. జ్ఞాపకశక్తిలో, కాళ్ల బలంలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కాబట్టి మతిమరుపు పేరు చెప్పి పాటల క్లాసు పెట్టకండి, ఒంటరితనం పేరు చెప్పి పెట్టండి.

మెట్లదారి:
ఒంటరితనమే అయితే పాటే ఎందుకు? నలుగురూ కూర్చుని పేకాట ఆడుకున్నా తగ్గుతుంది, దానికి టీచర్ జీతం కూడా అక్కర్లేదు.

రాత్రి డ్యూటీ:
నేను పెద్దవాళ్లను చూసుకునే పనిలోనే ఉన్నాను, ఈ మాటకు జవాబు చెప్పకుండా ఉండలేను. మా దగ్గర "ఆర్ట్ క్లాస్" అంటే చిన్నపిల్లల రంగుల పుస్తకంలోని కాగితాలు జిరాక్స్ తీసి, క్రేయాన్లు ఇచ్చి, ఏం వేసినా చప్పట్లు కొట్టడం. జీవితమంతా ఇల్లు నడిపిన మనిషికి, ఆఫీసు నడిపిన మనిషికి అంతకన్నా అవమానం ఏముంటుంది? దాంతో ఏ లాభమూ రాదు, అక్కడ మెట్లదారి గారితో నాకు పేచీ లేదు. కానీ నిజంగా నేర్పించే మనిషి వచ్చినప్పుడు సంగతి వేరు. వయసుతో గొంతు మారుతుంది కాబట్టి శ్రుతి దించి పాడించాలని ఆ మనిషికి తెలుస్తుంది, కీళ్లు వాచిన చేతికి లావు పిడి ఉన్న కుంచె ఇవ్వాలని తెలుస్తుంది, నిలబడలేనివాళ్లకు కుర్చీలోనే చేసే పని చూపిస్తుంది. చిత్రకారుడు మాతీస్ 1941లో పెద్ద ఆపరేషన్ అయ్యాక ఎక్కువసేపు నిలబడలేక కుర్చీలోనో మంచంలోనో ఉండి రంగు కాగితాలు కత్తిరించి బొమ్మలు చేశాడు, ఇవాళ ఆయన పేరు చెబితే చాలామందికి ముందు అవే గుర్తొస్తాయి. చేతకానిదాన్ని పక్కన పెట్టి చేతనైనదానితో కొత్తది చేయడం 70 దాటాక కూడా కుదురుతుంది, కాకపోతే చూపించేవాళ్లు ఉండాలి.

పేకాటను నేను తక్కువ చేయను. కానీ బృందగానంలో ఒకరు రాకపోతే ఆ వరస పాడేవాళ్లు తగ్గిపోతారు, పక్కవాళ్లు ఫోన్ చేసి ఎందుకు రాలేదని అడుగుతారు. "నువ్వు రావాలి" అని పెద్దవాళ్లతో అనేవాళ్లు ఎంతమంది మిగిలారు చెప్పండి? పోయిన వారం రానిది ఈ వారం వచ్చిందన్న తృప్తి వేరు, కోహెన్ కూడా లాభానికి కారణంగా చెప్పింది ఈ రెండే: చేసేదాని మీద పట్టు దొరకడం, నలుగురితో కలవడం.

లెక్కల మనిషి:
వ్యాయామం మానేయమని ఎవరూ అనట్లేదు, అది గమనించండి. పార్కిన్సన్స్ (వణుకుతో కదలికలు మందగించే నరాల జబ్బు) ఉన్నవాళ్లకు న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో 2001 నుంచి డాన్స్ క్లాసులు నడుస్తున్నాయి. లయ వినిపిస్తే అడుగు సాఫీగా పడుతుంది. డాన్స్ నేర్పే మనిషి దొరికితే మీ కేంద్రానికి రెండూ ఒక్క జీతంలో వస్తాయి.

మెట్లదారి:
డాన్స్ సంగతి కేంద్రంలో అడుగుతాను. పాటల టీచర్ అయితే మాత్రం, జిరాక్స్ కాగితాల రకం కాదని ఒక క్లాసు కూర్చుని చూశాకే ఓటేస్తాను.

రాత్రి డ్యూటీ:
చూడండి. మీ అమ్మగారిని కూడా పక్కన కూర్చోబెట్టుకోండి, నేర్చుకునేది ఆవిడ కదా.