హకోవాను విడిచి న్యూయార్క్ చేరిన బేలా గుట్‌మన్ చేసింది ద్రోహమా?

ప్రశ్న పెట్టినవారు:
బేలా గుట్‌మన్ అనగానే 1961, 1962లలో పోర్చుగల్ ఫుట్‌బాల్ క్లబ్బు బెన్ఫికాకు యూరోపియన్ కప్పు గెలిపించిన కోచ్ గుర్తుకొస్తాడు. నా ప్రశ్న అంతకు చాలా ముందటి ఆటగాడి గురించి. వియన్నాలోని యూదుల క్లబ్బు హకోవా 1924-25లో ఆస్ట్రియా లీగ్ గెలిచినప్పుడు అతడు ఆ జట్టుకు సెంటర్ హాఫ్, అంటే మధ్య వరుస ఆటగాడు. 1926లో హకోవా అమెరికాలో పర్యటించింది. ఆ తర్వాత గుట్‌మన్, అతడి సహచరులు పలువురు అక్కడి క్లబ్బులతో ఒప్పందాలు చేసుకున్నారు. 1928కల్లా హకోవా కింది డివిజన్‌కు పడిపోయింది. హీబ్రూలో హకోవా అంటే బలం. యూదులు ఒంట్లో సత్తువ లేనివారన్న నిందకు జవాబుగా 1909లో పుట్టిన క్లబ్బు అది. అలాంటి జట్టును డాలర్ల కోసం విడిచిపోవడాన్ని ద్రోహం అనక ఏమనాలి?

సెంటర్ హాఫ్:
వలస అనాలి, అదీ రెండో వలస. గుట్‌మన్ వియన్నా వాడు కాదు. 1899లో బుడాపెస్ట్‌లో పుట్టి, అక్కడి ఎమ్‌టీకే క్లబ్బు తరఫున లీగ్ టైటిళ్లు గెలిచి, 1921లో జర్మనీపై హంగరీ జాతీయ జట్టుకు ఆడిన మొదటి మ్యాచ్‌లోనే గోల్ చేసినవాడు. 1919 తర్వాత హంగరీ పాలకుడు హోర్తీ హయాంలో యూదులపై దాడులు సాగాయి. విశ్వవిద్యాలయాల్లో వారి ప్రవేశాలకు పరిమితి పెడుతూ 1920లో చట్టమే వచ్చింది. అలాంటి రోజుల్లో వియన్నా దారి పట్టిన హంగరీ యూదు ఆటగాళ్లలో అతడొకడు. హకోవాకు ఆ లీగ్ టైటిల్ తెచ్చిన జట్టులో హంగరీ నుంచి వచ్చినవారే ఎందరో ఉన్నారు. టైటిల్‌ను ఖాయం చేసిన మ్యాచ్‌నే చూడండి: గోల్‌కీపర్ షాండోర్ ఫాబియన్ చెయ్యి విరిగింది. అప్పట్లో ఆట మధ్యలో మరొకరిని దించే వీలు లేదు కనుక, అతడు చేతికి కట్టుతోనే ఫార్వర్డ్‌గా వెళ్లి విజయాన్నిచ్చిన గోల్ కొట్టాడు. అతడూ హంగరీ వాడే. బుడాపెస్ట్ వదిలి వచ్చినవారిని హత్తుకున్న క్లబ్బు, వారే వియన్నా వదిలితే తప్పు పట్టడం న్యాయమా?

పాత స్కోర్‌బోర్డు:
పైవారి మాటలో సగమే ఒప్పుకుంటాను. బుడాపెస్ట్ నుంచి తరిమింది భయమైతే, వియన్నా నుంచి లాగింది డబ్బు. రెంటినీ ఒకే గాటన కట్టలేము. ఆస్ట్రియా 1924లోనే వృత్తి ఫుట్‌బాల్‌కు తెర తీసింది కాబట్టి, హకోవా ఆటగాళ్లు జీతం లేక వెళ్లారని కూడా చెప్పలేము. అయితే 1926 మే 1న న్యూయార్క్‌లోని పోలో గ్రౌండ్స్‌లో హకోవా ఆట చూడటానికి దాదాపు 46,000 మంది వచ్చారు. పెలే ఆడిన న్యూయార్క్ క్లబ్బు కాస్మోస్ మ్యాచ్‌లు వచ్చేదాకా, అంటే 1977 వరకూ, అమెరికాలో ఆ రికార్డును ఏ సాకర్ మ్యాచూ దాటలేదు. అంతమంది సొంత మనుషుల్లా చప్పట్లు కొడుతుంటే, వియన్నా మైదానాల్లో జాతి దూషణలు విని విని ఉన్నవారి మనసు అటు మొగ్గడం మానవ సహజం.

ఇక గుట్‌మన్ స్వభావం వేరు. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో హంగరీ జట్టు బస, ఏర్పాట్లు నచ్చక, చచ్చిన ఎలుకలను అధికారుల గదుల తలుపులకు వేలాడదీసిన మనిషి అతడు! జాతీయ జట్టుకు మళ్లీ ఆడలేదు. ఎవరి జెండా కిందా తల వంచి నిలబడే రకం కాడు. అందుకే అతడిని విధేయత కొలబద్దతో కొలవడమే పొరపాటని నా అభిప్రాయం.

ప్రశ్న పెట్టినవారు:
స్వభావం గురించి మీరు చెప్పింది కాదనను. కానీ నష్టం క్లబ్బుకు జరిగింది కదా! ఒక టైటిల్ తర్వాత హకోవా మళ్లీ ఆ ఎత్తును చూడనే లేదు.

సెంటర్ హాఫ్:
జట్టును సముద్రం దాటించింది క్లబ్బే. పర్యటన రాబడి కావాలి గాని, ఆటగాళ్లకు అక్కడి బేరాలు తగలకూడదంటే ఎలా? పైగా న్యూయార్క్‌లోనూ గుట్‌మన్ హకోవా పేరుతోనే ఏర్పడిన జట్టుకు ఆడి, 1929లో అమెరికా జాతీయ కప్పు గెలిచాడు. అదే ఏడాది స్టాక్ మార్కెట్ కూలి అతడి సంపాదన ఊడ్చుకుపోయింది. 1932లో వియన్నాకు తిరిగొచ్చి చేరింది హకోవాలోనే, ఆపై కోచ్‌గా పని చేసిందీ అక్కడే.

పాత స్కోర్‌బోర్డు:
జేబు ఖాళీ అయ్యాకే తిరిగొచ్చాడని ప్రశ్న పెట్టినవారు అనవచ్చు, అందులో కొంత నిజమూ ఉంది. అయినా క్లబ్బు తలుపు మూయలేదు. 1938లో ఆస్ట్రియాను కలుపుకున్న నాజీలు హకోవాను మూసివేసేనాటికి, అందులో కొనసాగినవారికీ విడిచి వెళ్లినవారికీ మధ్య ఆ నాజీలకు ఏ తేడా కనిపించలేదు.