క్వెరీలకి కళ్ళెం వెయ్యాలంటే టైమౌట్ చాలా, రిసోర్స్ గవర్నర్ కావాలా?

డీబీఏ_ఖమ్మం:
నెలాఖరొస్తే చాలు మా దగ్గర రిపోర్ట్ క్వెరీలు సర్వర్‌ని మింగేస్తున్నయి, బిల్లింగ్ స్క్రీన్ తిరుగుతనే ఉంటది. వాడేది పోస్ట్‌గ్రెస్ డేటాబేస్. రిపోర్టుల యూజర్‌కి స్టేట్‌మెంట్ టైమౌట్ (అంత టైమ్ దాటితే క్వెరీని ఆపేసేది) 5 నిమిషాలు పెడితే అయిపోద్దని మా టీమ్ అంటుంది, కానీ ఆ 5 నిమిషాలూ అది సీపీయూ అంతా తినొచ్చు కదా, మరి లిమిట్ ఎట్లయితది? సీపీయూ, మెమరీ ఎవరికెంతో పంచే రిసోర్స్ గవర్నర్ ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో 2008 నుంచి ఉంది, ఒరాకిల్‌లో రిసోర్స్ మేనేజర్ అంతకు ముందే ఉంది, పోస్ట్‌గ్రెస్‌లో అట్లాంటిదే లేదు.

బ్యాకెండ్_విశాఖ:
అన్నా, గవర్నర్ అన్న పేరు చూసి నమ్మేయకు. రిపోర్టుల పూల్‌కి (వాటికి కేటాయించిన వాటా) మ్యాక్స్ సీపీయూ పర్సెంట్ 20 పెట్టినా సర్వర్ ఖాళీగా ఉంటే అది 100 దాకా వాడేస్తుంది, గట్టిగా ఆపాలంటే 2012లో వచ్చిన క్యాప్ సీపీయూ పర్సెంట్ పెట్టాలి. రిక్వెస్ట్‌కి సీపీయూ టైమ్ లిమిట్ పెడితే ఇంకా అన్యాయం, డిఫాల్ట్‌గా క్వెరీని చంపదు, ఒక ఈవెంట్ రాసి ఊరుకుంటుంది. టైమౌట్ అలా కాదు, ఆపేస్తుంది.

డీబీఏ_ఖమ్మం:
ఖాళీగా ఉన్నప్పుడు వాడుకుంటే నష్టమేంది తమ్ముడూ, నాకు కావాల్సిందే అది! పోటీ వచ్చినప్పుడు బిల్లింగ్‌కి ముందు దక్కాలి. నీ టైమౌట్‌కి ఆ తేడా తెల్వదు, రాత్రి 2 గంటలకి సర్వర్‌లో ఎవ్వరూ లేకున్నా రిపోర్టు పీక నొక్కేస్తది.

పాత_డీబీఏ_బెజవాడ:
మీరిద్దరూ సీపీయూ దగ్గరే ఆగిపోయారండీ, నన్ను ముంచింది మెమరీ. వర్క్ మెమ్ (పోస్ట్‌గ్రెస్‌లో క్వెరీ పనికి వాడే మెమరీ హద్దు) 256 ఎంబీ పెట్టాను, క్వెరీకి అంతే కదా అనుకుని. అది క్వెరీకి కాదు, ప్లాన్‌లో (క్వెరీ నడిచే అంచెల్లో) ఒక్కో సార్ట్‌కి, హ్యాష్‌కైతే 15వ వెర్షన్ నుంచి దానికి రెట్టింపు, పారలల్ వర్కర్లుంటే ఒక్కోదానికీ మళ్ళీ విడిగా. ఓ రాత్రి, మెమరీ అయిపోతే ప్రాసెస్‌ల్ని చంపే లినక్స్ ఓఓఎమ్ కిల్లర్ ఒక్క ప్రాసెస్‌ని చంపితే పోస్ట్‌గ్రెస్ అందరి కనెక్షన్లూ తెంపేసి రికవరీలోకి వెళ్ళింది, పొద్దున దాకా నిద్ర లేదు. టైమౌట్ దాకా రానే లేదు.

బ్యాకెండ్_విశాఖ:
అది నిజమే అండి, మెమరీకి టైమౌట్ పనికిరాదు, ఒప్పుకుంటున్నా. మైఎస్‌క్యూఎల్ 8 రిసోర్స్ గ్రూపుల్లో కూడా మెమరీ లేదు, థ్రెడ్ ఏ కోర్ మీద నడవాలి, ప్రయారిటీ ఎంత, అంతే. అయితే అన్నా, రిపోర్టులకి విడిగా రెప్లికా (అదే డేటా కాపీ ఉండే ఇంకో సర్వర్) పెట్టెయ్, గొడవే ఉండదు.

డీబీఏ_ఖమ్మం:
పెట్టి చూసినం. ప్రైమరీలో (అసలు సర్వర్‌లో) వాక్యూమ్ (పనికిరాని పాత వరసల్ని ఊడ్చే పని) నడిస్తే రెప్లికాలో పెద్ద క్వెరీ క్యాన్సిల్ అయితది, డిఫాల్ట్‌గా రెప్లికా ఆ క్వెరీ కోసం ఆగేది 30 సెకన్లే. హాట్ స్టాండ్‌బై ఫీడ్‌బ్యాక్ (నా క్వెరీ చూస్తున్న పాత వరసల్ని ఊడ్వకు అని రెప్లికా ప్రైమరీకి చెప్పేది) ఆన్ చేస్తే ప్రైమరీ టేబుళ్ళు ఉబ్బుతున్నయి. ఇప్పుడు ఆ 30 సెకన్లని గంట చేసి చూస్తున్న, రిపోర్టుల్లో డేటా గంట పాతదైనా అకౌంట్స్ వాళ్ళు సరే అన్నరు.