“ఆడది కన్న”నా, “కడుపున పుట్టిన”నా?

కొబ్బరాకు: ఒక్క ముక్క రెండ్రోజులుగా బుర్ర తినేస్తోంది. ఇంటర్‌లో మా తెలుగు మాస్టారు షేక్‌స్పియర్ మాక్‌బెత్ కథ చెబుతూ, రాజుని చంపి గద్దెనెక్కిన మాక్‌బెత్‌కి మంత్రగత్తెలు చూపించే నెత్తుటి పసివాడి భూతం చెప్పిన జోస్యాన్ని గొంతు మార్చి అనేవారు: “ఆడది కన్న వాడెవడూ నిన్నేమీ చెయ్యలేడు.” ఆయన “కన్న” అన్నారా, “కడుపున పుట్టిన” అన్నారా అని ఇప్పుడు అనుమానం. ఎవరి అనువాదమో తెలుసా?

పాతచింతకాయ: ఎవరిదైనా “కడుపున పుట్టిన” అయితే తప్పే. మెలిక అక్కడే ఊడిపోతుంది. చివరికి మాక్‌బెత్‌ని చంపే మాక్‌డఫ్‌ని తల్లి కడుపు కోసి తీశారు. కోసి తీసినా వాడు పుట్టింది తల్లి కడుపునే కదా. పుట్టేది బిడ్డ, కనేది తల్లి. ఆమె కనలేదు, వాళ్లు తీశారు. ఇప్పటికీ ఆస్పత్రి వరండాలో వినపడేది అదే: “నొప్పులు రాలేదు, ఆపరేషన్ చేసి తీశారు.”

లంకపొగాకు: మా చెల్లెలికి ఇద్దరూ ఆపరేషనే. మరి ఆవిడ కన్నతల్లి కాదా? ఈ మాట ఆవిడ ముందు అనండి చూద్దాం.

పాతచింతకాయ: “కన్నతల్లి” సమాసం సార్, అందులో రూఢ్యర్థం వచ్చేసింది. నేను క్రియ సంగతి చెబుతున్నా.

సన్నజాజి: “కను”కి చూడడమనే అర్థం కూడా ఉందిగా! “తల్లి కనని బిడ్డ” అనండి. ప్రసవించలేదు, కళ్లారా చూడనూ లేదు. ఆ కాలంలో కడుపు కోస్తే తల్లి బతకడం అరుదు. ఇంగ్లీషులో లేని శ్లేష మనకి ఊరికే దొరుకుతోంది.

లంకపొగాకు: తల్లి పోయిందని నాటకంలో ఎక్కడుందండీ? నెలలు నిండకుండానే కోసి తీశారన్నంత వరకే ఉంది.

తలుపుచప్పుడు: మంత్రగత్తెల్ని వదిలి ఒకసారి ఆ కోట కాపలావాణ్ణి చూడండి. రెండో అంకంలో రాజు హత్య జరిగిపోయింది, బయట ఎవరో తలుపు బాదుతున్నారు. వీడు తాగిన మైకంలో నరక ద్వారానికి కాపలా కాస్తున్నట్టు ఊహించుకుని, రెండర్థాల మాటలతో నెట్టుకొచ్చి దేవుడి దగ్గర మాత్రం పప్పుడకని వాణ్ణి లోపలికి రమ్మంటాడు. ఇంగ్లండ్ రాజుని పేల్చెయ్యబోయిన తుపాకిమందు కుట్ర కేసులో 1606లో చంపిన, రెండర్థాల మాటల్ని సమర్థించిన గార్నెట్ పాదిరీ మీద విసురని అంటారు. అడవి కదిలొస్తే తప్ప ఓడవన్నది ఇంకో జోస్యం; అయిదో అంకంలో ఆ అడవి కదిలి వస్తోందని దూత చెప్పగానే మాక్‌బెత్ నోటికి వచ్చేదీ ఆ రెండర్థాల మాటే. జోస్యం ఏం చేస్తుందో ముందే చెప్పేసిన మనిషి వాడు. వాడికి పేరు కూడా పెట్టలేదు.

సన్నజాజి: నాకు మాత్రం మాక్‌డఫ్ కొడుకే గుర్తుంటాడు. “మాక్‌డఫ్‌తో జాగ్రత్త” అన్న భూతం ఒకటి, “ఎవడూ ఏమీ చెయ్యలేడు” అన్నది ఇంకొకటి. తీరా చూస్తే మాక్‌డఫ్ ఇంగ్లండ్ పారిపోయాడు. మాక్‌బెత్ ఆ కసి వాడి ఇంటి మీద తీర్చుకున్నాడు. అప్పటిదాకా తల్లితో వేళాకోళమాడుతున్న పిల్లాడు “అమ్మా, నన్ను చంపేశాడు, పారిపో” అంటూ పోతాడు. వాణ్ణి మాత్రం తల్లే కన్నది.

పాతచింతకాయ: మెలిక వరాలు మనకి కొత్తేం కాదు. పోతనగారి హిరణ్యకశిపుడు “రేలన్ ఘస్రములన్” అని రాత్రీ పగలూ అడిగాడు, సంజె మర్చిపోయాడు. మాక్‌బెత్ అక్కడే నేర్చుకోవాల్సింది.

లంకపొగాకు: మర్చిపోలేదు. ఆ వెంటనే “తమఃప్రభల” అన్నాడు. చీకటీ వెలుతురూ రెండూ ఉండేదే సంజె. లెక్కప్రకారం ఆ వరం సంజెక్కూడా పనిచెయ్యాలి.

పాతచింతకాయ: “గాలిం గుంభిని” పద్యమేగా మీరంటున్నది? మొత్తం చదివారా, సీసమనుకుని వదిలేశారా?

లంకపొగాకు: శార్దూలం. గా-కా యతి. ఇంకేమైనా పరీక్ష ఉందా?

తలుపుచప్పుడు: తమస్సూ ప్రభా విడివిడిగా అడిగాడు, కలిసినప్పుడు అనలేదు. అదీ కిటుకు.

కొబ్బరాకు: బాబ్బాబూ, నేనడిగింది “కన్న” గురించి.

పాతచింతకాయ: ఉండమ్మా, వస్తాం. లంకపొగాకు గారూ, మీ ప్రతిలో “తమఃప్రభల” అనే ఉందా? పుట ఫొటో ఒకటి పెడుదురూ.