రెసిడెన్సీ దరఖాస్తు: సిఫారసు లేఖలు ఇంకా అందలేదు, దరఖాస్తు ఆపుకోవాలా?

నాగావళి_తీరం (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది నరసన్నపేట దగ్గర ఒక పల్లె. ఎంబీబీఎస్, హౌస్‌సర్జన్సీ పూర్తి చేసి, అమెరికా వైద్య లైసెన్సు కోసం రాసే స్టెప్ 1, స్టెప్ 2 పరీక్షలు రెండూ గట్టెక్కి, ఈ 2025 సెప్టెంబరులో అమెరికాలో ఇంటర్నల్ మెడిసిన్ రెసిడెన్సీకి (అక్కడి పీజీ శిక్షణకు) ఈరాస్ అనే ఆన్‌లైన్ దరఖాస్తు వ్యవస్థ ద్వారా దరఖాస్తు పెట్టబోతున్నాను. చదివిన కళాశాల పేరు ఇక్కడ రాయను, దయచేసి అడగవద్దు.

సిఫారసు లేఖలు తప్ప అన్నీ సిద్ధంగా ఉన్నాయి. అమెరికాలో అబ్జర్వర్‌షిప్ (ఆసుపత్రిలో పక్కనుండి పని గమనించడం) చేసినప్పటి డాక్టరుగారు తన లేఖను ఎప్పుడో అప్‌లోడ్ చేశారు. మా హెచ్‌ఓడీ (విభాగాధిపతి) సార్‌ని జూన్ నుంచి అడుగుతున్నాను. ఓపీ అయ్యాక రమ్మంటారు, వెళితే మీటింగులో ఉంటారు, తీరిక దొరికినప్పుడు "చూద్దాంలే బాబూ" అంటారు. మొన్న మాత్రం "నువ్వే రాసి తీసుకురా, సంతకం పెడతాను" అన్నారు. మా యూనిట్ చీఫ్ బదిలీపై వేరే జిల్లాకు వెళ్ళిపోయారు. ఆయనకు పంపిన ఈమెయిళ్ళలో ఒక్కదానికీ జవాబు లేదు.

నీట్ ర్యాంకు చూపించి కౌన్సెలింగ్‌లో సీటు తెచ్చుకున్న మనకు, ఒకరు తీరిక చేసుకుని రాసే కాగితం మీద భవిష్యత్తు ఆధారపడటం ఏమిటో మా ఇంట్లో ఎవరికీ అర్థం కావడం లేదు. నాన్నగారైతే పలాస జీడిపప్పు రెండు కిలోలు పట్టుకుని సార్ ఇంటికి వెళ్ళి కనబడి రమ్మంటున్నారు.

ఒక్క లేఖతోనే దరఖాస్తు సమర్పించవచ్చా? ఆలస్యంగా వచ్చిన లేఖను ఎవరైనా చదువుతారా? సార్ చెప్పినట్టు నేనే రాసుకోవడం సరైన పనేనా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

కోట_బురుజు

నమస్కారం. నాది విజయనగరం, ప్రస్తుతం అమెరికాలో ఇంటర్నల్ మెడిసిన్‌లో రెండవ సంవత్సరం రెసిడెంట్‌ని. ముందు మీ మొదటి రెండు ప్రశ్నలకు సమాధానం చెబుతాను.

లేఖల కోసం దరఖాస్తును ఆపవద్దు. ఈరాస్‌లో దరఖాస్తు వేరు, లేఖ వేరు. ఒక్క లేఖ కూడా రాకపోయినా దరఖాస్తును సమర్పించవచ్చు, ఆ తర్వాత వచ్చిన లేఖను కూడా ప్రోగ్రాములకు (రెసిడెన్సీ ఇచ్చే ఆసుపత్రి విభాగాలకు) కేటాయించవచ్చు. అయితే దరఖాస్తు పెట్టాక కొందరు దాన్ని మరిచిపోతుంటారు. లేఖ వచ్చిందని తెలియగానే మైఈరాస్‌లోకి (ఈరాస్‌లో మీ ఖాతాలోకి) వెళ్ళి అది ఏయే ప్రోగ్రాములకు కేటాయించి ఉందో సరిచూసుకోవడం మీ పనే తప్ప సార్‌ది కాదు.

ఈ సంవత్సరం సెప్టెంబరు 3 నుంచి సమర్పణ మొదలైనా, ప్రోగ్రాములు దరఖాస్తులను తెరిచేది అమెరికా తూర్పు తీరపు సమయం ప్రకారం సెప్టెంబరు 24 ఉదయం తొమ్మిదింటికి, అంటే ఇండియాలో అదే రోజు సాయంత్రం ఆరున్నరకు. కాబట్టి 3వ తేదీనే పెట్టేయాలన్న ఆరాటం అక్కరలేదు, మీకు గడువు 24 సాయంత్రమే. ఆ తర్వాత వచ్చిన లేఖ చెల్లదని కాదు గానీ, ఇంటర్వ్యూ పిలుపుల్లో ఎక్కువ భాగం అక్టోబరు, నవంబరు నెలల్లోనే వెళ్ళిపోతాయి. మూడు లేఖలు ఉంటేనే దరఖాస్తు పూర్తయినట్టు లెక్కించే ప్రోగ్రాములు చాలానే ఉన్నాయి. అటువంటి చోట ఒక్క లేఖతో ఉన్న మీ దరఖాస్తు పక్కన ఉండిపోయే ప్రమాదం ఉంది. ఏ ప్రోగ్రాము ఎన్ని అడుగుతోందో వాళ్ళ వెబ్‌సైట్లలో చూసి, ఒక్కటి, రెండిటితో సరిపెట్టుకునేవి ఏవో విడిగా రాసుకోండి.

ఇంకొక మాట. ఒక్కో ప్రోగ్రాముకు గరిష్ఠంగా నాలుగు లేఖలు పంపవచ్చు. కంగారులో ఎవరో ఒకరిచేత పేరుకు ఒక లేఖ రాయించి ఆ ఖాళీని నింపేయకండి, ఎందుకంటే ప్రోగ్రాముకు చేరిన లేఖను తిరిగి వెనక్కి తీసుకోలేరు.

అన్నట్టు, మీరు ప్రతి ఒక్కరి పేరునూ మైఈరాస్‌లో నమోదు చేసి ఖరారు చేశారా? ఖరారు చేశాకే ఆ లేఖకు సంబంధించిన ఐడీతో అభ్యర్థన పత్రం వస్తుంది. అది సార్ చేతిలో లేకపోతే ఆయన ఎంత చక్కని లేఖ రాసినా పోర్టల్‌లోకి ఎక్కించలేరు.

ఓపీ_గది

నేను విజయనగరం జిల్లాలో ఒక బోధనాసుపత్రిలో జనరల్ మెడిసిన్ ప్రొఫెసర్‌ని. ఇటువంటి లేఖలు ఏటా రాస్తూనే ఉంటాను. బల్లకు ఇవతలి వైపు ఏం జరుగుతుందో తెలిస్తే మీ ఆందోళన కొంత తగ్గుతుందని ఇది రాస్తున్నాను.

ఆగస్టు, సెప్టెంబరు నెలలంటే మాకు జ్వరాల కాలం. మెడికల్ వార్డులు నిండి, నేల మీద పరుపులు వేయవలసి వస్తుంది. దానికి తోడు తరగతులు, థీసిస్‌లు, తనిఖీల కాగితాలు ఉంటాయి. ఆ స్థితిలో "సార్, లేఖ" అని ఒక విద్యార్థి గుమ్మంలో నిలబడితే మాకు కోపం రాదు కానీ, ఖాళీ కాగితం ముందు కూర్చోవాలంటేనే బద్ధకం వేస్తుంది. ఆ అబ్బాయి ఏ బ్యాచో, నా యూనిట్‌లో ఏ నెలలో పనిచేశాడో, ఏ కేసు చెప్పాడో గుర్తు తెచ్చుకోవాలి కదా. మీ హెచ్‌ఓడీగారు "నువ్వే రాసుకురా" అన్నారంటే, ఎక్కువ సందర్భాల్లో దానర్థం "నాకు గుర్తు లేదు, గుర్తు చెయ్యి" అనే.

అయినా ఆ లేఖ మీరు రాయకూడదు. దరఖాస్తులో ప్రతి లేఖ దగ్గరా దానిని చదివే హక్కును వదులుకుంటున్నారా అని అడుగుతారు, అందరూ వదులుకుంటున్నామనే చెబుతారు. అది చూసే అక్కడివాళ్ళు ఆ లేఖకు విలువ ఇస్తారు. చదవనని మాట ఇచ్చిన లేఖను మీరే రాసి సంతకానికి పెట్టడం అబద్ధమాడటమే. నీతి సంగతి పక్కన పెట్టినా, విద్యార్థి తనకు తాను రాసుకున్న లేఖ ఇట్టే తెలిసిపోతుంది. కష్టపడే తత్వం, సమయపాలన, వినయం అంటూ విశేషణాల మీద విశేషణాలు పేర్చి ఉంటుంది, ఒక్క రోగి కూడా కనిపించడు.

దానికి బదులు ఒక్క పేజీలో ముఖ్యాంశాలు రాసి సార్‌కి ఇవ్వండి. ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఆ యూనిట్‌లో ఉన్నారు, ఏ కేసులు ప్రజెంట్ చేశారు, సార్ మిమ్మల్ని ఏ ప్రశ్న అడిగారు, దానికి మీరేం చెప్పారు, ఇవి చాలు. మా విద్యార్థి ఒకరు సోంపేట వైపు నుంచి వచ్చిన ఒక కొబ్బరి తోట కూలీ కేసు చెప్పాడు. షుగరు లేదు, బీపీ లేదు, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ మాత్రం చాలా ఎక్కువగా ఉంది. ఉద్దానం కిడ్నీ జబ్బు అని ఒక్క ముక్కలో తేల్చేయకుండా, ఆ మనిషి తాగే నీటి బావి గురించి, ఎండలో చేసే పని గురించి, నడుము నొప్పికి మందుల షాపులో కొనుక్కుని మింగే మాత్రల గురించి, ఇంట్లో ఇంకెవరికైనా ఈ జబ్బు ఉందా అన్నదాని గురించి విడివిడిగా అడిగి రాసుకొచ్చాడు. అతని లేఖలో నేను రాసింది ఆ కేస్ షీటు గురించే. ఉద్దానం పేరు ఎన్నడూ వినని అమెరికా డాక్టరుకు కూడా ఆ కుర్రవాడు ఎటువంటివాడో ఆ పేరాతో తెలిసిపోతుంది. మీది శ్రీకాకుళం జిల్లా, అటువంటి రోగులను మీరు చూసే ఉంటారు. వెతికి గుర్తు చేసుకోండి.

ఆ పేజీతో పాటు అభ్యర్థన పత్రాన్ని ఈమెయిల్‌లోనూ పంపండి, ముద్రించి చేతికీ ఇవ్వండి. లేఖను రాసినవారే కాక, ఆయన తన తరఫున నియమించిన మనిషి కూడా పోర్టల్‌లోకి ఎక్కించవచ్చు. కంప్యూటర్ అంటే చిరాకు పడే హెచ్‌ఓడీలకు ఈ సంగతి చెబితే సగం పని అయిపోతుంది. డిపార్ట్‌మెంట్‌లో ఒక పీజీకి ఆ బాధ్యత అప్పగిస్తారు. మీరు మాత్రం దానిలో వేలు పెట్టకూడదు.

"ఎప్పుడు ఇస్తారు సార్" అని అడగకండి. "24వ తేదీ సాయంత్రం వాళ్ళు తెరుస్తారు సార్, 20 లోపు అందితే నాకు మేలు" అని చెప్పండి. తేదీ చెప్పని పనిని మేము నిజంగానే వాయిదా వేస్తాం. లేఖల వెంట తిరుగుతూ ప్రిన్సిపాల్ కార్యాలయం నుంచి వెళ్ళవలసిన ఎంఎస్‌పీఈని (విద్యార్థి పనితీరుపై కళాశాల ఇచ్చే నివేదికను) మరిచిపోవద్దు, అక్కడి గుమాస్తా గారికి మాకన్నా ఎక్కువ పని ఉంటుంది.

జీడిపప్పు విషయం: మ్యాచ్ ఫలితం (రెసిడెన్సీ సీటు ఎక్కడ వచ్చిందో చెప్పేది) వచ్చాక తీసుకువెళ్ళండి, సంతోషంగా తింటారు. ఇప్పుడు తీసుకువెళితే పాపం ఆయన ఇబ్బంది పడతారు.

బొబ్బిలి_ఆడపడుచు

ఇక్కడ న్యూజెర్సీలో మా అమ్మాయి డిగ్రీ తర్వాత మెడికల్ స్కూలుకు దరఖాస్తు చేసినప్పుడు మేమూ ఇదే బాధ పడ్డాం కాబట్టి ఒక మాట చెబుతున్నాను. ఆ దరఖాస్తు ఏఎంకాస్ అనే వేరే దరఖాస్తు వ్యవస్థ ద్వారా వెళుతుంది. అక్కడ కూడా లేఖల కోసం దరఖాస్తు ఆగదు. మార్కుల పరిశీలన లేఖలు లేకుండానే జరిగిపోతుంది, అవి తర్వాత చేరవచ్చు. ఈ సంగతి తెలియక, కెమిస్ట్రీ ప్రొఫెసర్ లేఖ వచ్చేదాకా సమర్పించకూడదనుకుని మా అమ్మాయి స్నేహితురాలు కూర్చుండిపోయింది. పరిశీలనకే వారాలు పట్టే చోట అలా ఆగడం వల్ల నష్టమే తప్ప లాభం లేదు.

మీది రెసిడెన్సీ కాబట్టి వివరాలు వేరుగా ఉంటాయి, పై ఇద్దరూ చెప్పినదే వినండి. కాకపోతే మూడు లేఖలు కావాలంటే నలుగురిని అడగడమే మంచిదని మా అనుభవం.

నాగావళి_తీరం

అందరికీ ధన్యవాదాలు. ఓపీ_గది గారూ, మీరు చెప్పినట్టు ఒక పేజీ రాసి హెచ్‌ఓడీ సార్‌కి ఇచ్చాను. నా ఎదుటే చదివి, "ఈ పాయిజనింగ్ కేసు నువ్వేనా చెప్పింది?" అని అడిగి కాగితాన్ని జేబులో పెట్టుకున్నారు. తన పీజీని పిలిచి నా నంబరు తీసుకోమన్నారు.

యూనిట్ చీఫ్ ఫోన్ నంబరు వార్డు సిస్టర్‌గారి దగ్గర దొరికింది. నేను ఇన్నాళ్ళూ ఆయన పాత కళాశాల ఈమెయిల్‌కి రాస్తున్నాను, అది ఆయన తెరవడమే మానేశారట. రాయడానికి ఒప్పుకున్నారు. అయితే రెండు సందేహాలు. ఆయన ఇప్పుడు ఉన్న కళాశాల లెటర్‌హెడ్ మీద రాయవచ్చా? మైఈరాస్‌లో నేను పాత కళాశాల పేరు, పాత హోదా పెట్టి ఖరారు చేసేశాను, ఇప్పుడు మార్చనివ్వడం లేదు.

ఓపీ_గది

ప్రస్తుతం పనిచేస్తున్న చోటి లెటర్‌హెడ్ మీదే రాయాలి. ఫలానా కాలంలో ఫలానా కళాశాలలో యూనిట్ చీఫ్‌గా ఉన్నప్పుడు ఈ విద్యార్థి నా దగ్గర పనిచేశాడని మొదటి వాక్యంలోనే రాయమనండి. లేకపోతే మీ కళాశాల పేరు, లెటర్‌హెడ్ మీది పేరు వేరువేరుగా కనబడి చదివేవారు తికమక పడతారు.

కోట_బురుజు

ఖరారు చేసినదాన్ని మార్చలేరు. దాన్ని అలాగే వదిలేసి, కొత్త కళాశాల పేరు, కొత్త హోదాతో ఆయన పేరునే మరోసారి నమోదు చేయండి. ఎంతమంది పేర్లు నమోదు చేయాలన్నదానికి పరిమితి లేదు, ప్రోగ్రాముకు పంపేటప్పుడే నాలుగు దాటకూడదు. కొత్త నమోదుకు కొత్త ఐడీ వస్తుంది. ఆ పత్రాన్ని ఆయన ఇప్పుడు వాడుతున్న ఈమెయిల్‌కి పంపి, పాతది ఎక్కడైనా ఉంటే తీసేయమని ఫోన్‌లో కూడా చెప్పండి. పాత ఐడీ మీద ఎక్కిస్తే లేఖ వెళ్ళి పాత నమోదు కిందే చేరుతుంది.