ఓర్వకల్లు తొలి విమానం బోర్డింగ్ పాస్ మీ దగ్గరుందా?

అందరికీ నమస్కారం. మాది కర్నూలు. మన ఓర్వకల్లు ఎయిర్‌పోర్ట్ చరిత్రకు సంబంధించిన కాగితాలు, ఫోటోలు సొంతంగా సేకరిస్తున్నాను. 2021 మార్చి 28న అక్కడి నుంచి బెంగళూరు, విశాఖ, చెన్నైలకు ఇండిగో విమానాలు మొదలయ్యాయి. నిన్నగాక మొన్న జరిగినట్టే ఉంది కదా, అందుకే ఎవరూ ఏమీ దాచడం లేదు. నా బాధ అదే.

ఆ రోజు ప్రయాణం చేసిన ఒక పెద్దాయన తన బోర్డింగ్ పాస్ ఇచ్చారు. పర్సులో ప్లాస్టిక్ కవర్లో దాచారట. పేరు పూర్తిగా చెరిగిపోయింది, సీటు నంబరులో ఒక్క అంకె మిగిలింది. అది థర్మల్ కాగితం, అంటే సిరాతో కాకుండా వేడితో అక్షరాలు పడే కాగితం, మన ఎండలకు అసలు నిలవదు. లామినేషన్ చేస్తే ఆ వేడికి మొత్తం నల్లబడుతుంది. దయచేసి ఎవరూ చేయించకండి, ముందు ఫోటో తీసి పెట్టండి.

చెరిగిన అక్షరాలను స్కానింగ్‌లో మళ్లీ కనిపించేలా చేయడం తెలిసినవాళ్లు ఉన్నారా? అలాగే రన్‌వే పనిలో కూలికి వెళ్లినవాళ్లు, ఆ గుట్టలు చదును చేయకముందు అక్కడ గొర్రెలు మేపినవాళ్లు మీ ఇంట్లో ఉంటే చెప్పండి. వాళ్ల మాటలు రికార్డు చేసుకోవాలి. ఎంత దూరమైనా నేనే వస్తాను.