పాత మారుతి 800లో ఇంజన్ ఆయిల్ ఎప్పుడు చూస్తే సరైన మట్టం తెలుస్తుంది?

ప్రశ్న: గోదావరి గట్టు

అందరికీ నమస్కారం. మా ఇంట్లో నాన్నగారు కొన్న 1998 నాటి మారుతి 800 ఉంది. కార్బొరేటర్ ఇంజనే. ఇప్పటికీ చక్కగా నడుస్తోంది, ఇంకా చాలాకాలం నడవాలని మా కోరిక. నా సందేహం ఆయిల్ మట్టం గురించి. ఉదయం కారు తీయకముందు డిప్‌స్టిక్ చూస్తే ఆయిల్ పై గీతకు కాస్త దిగువన కనిపిస్తుంది. అదే కారును గేటు దాటించి వీధి వైపు వాలు మీద ఆపి, వెంటనే చూస్తే కింది గీత దగ్గరికి పడిపోతుంది. పెట్రోలు బంకులో చూపించినప్పుడు ఈ రెంటికీ మధ్య ఎక్కడో ఉంటుంది. అక్కడ పనిచేసే అబ్బాయి లీటరు ఆయిల్ పోయించుకోమన్నాడు, నేను వద్దన్నాను. ఈ మూడింటిలో దేనిని నమ్మాలి? డాష్‌బోర్డులో ఆయిల్ గుర్తు ఎర్రగా వెలగడం లేదు కనుక నిశ్చింతగా ఉండవచ్చా?

జవాబు: ట్యాపెట్ కవర్

ఉదయం చూసిన కొలతనే నమ్మండి. లీటరు పోయించకపోవడం చాలా మంచి పని.

ఇంజన్ తిరుగుతున్నంతసేపూ ఆయిల్ పంపు, ఇంజన్ అడుగున ఉండే ఛాంబర్‌లోని ఆయిల్‌ను లాగి, ఫిల్టర్ గుండా క్రాంక్ బేరింగులకూ, పైన హెడ్‌లో ఉన్న క్యామ్ షాఫ్టుకూ పంపుతూ ఉంటుంది. ఇంజన్ ఆపిన వెంటనే అందులో కొంత భాగం ఇంకా పైనే ఉంటుంది కాబట్టి డిప్‌స్టిక్ మీద మట్టం తక్కువగా కనిపిస్తుంది. మీరు వీధిలో తీసిన కొలత అన్నింటికంటే తప్పుగా రావడానికి కారణం కూడా ఇదే. చల్లగా ఉన్న ఆయిల్ చిక్కగా ఉంటుంది, ఒకసారి పైకి వెళ్లాక కిందికి జారడానికి వేడి ఆయిల్ కంటే చాలా ఎక్కువ సమయం తీసుకుంటుంది. కనుక ఉదయం ఒక్క నిమిషం స్టార్ట్ చేసి ఆపిన ఇంజన్‌లో ఎప్పుడూ మట్టం చూడకూడదు. దానికి తోడు మీ కారు వాలు మీద ఉంది. ఛాంబర్‌లో ఆయిల్ ఒక పక్కకు ఒరిగినప్పుడు గీతలకు అర్థం ఉండదు.

బంకులో చూపించాలంటే కారును సమతలంగా ఉన్న చోట నిలిపి, ఇంజన్ ఆపి, కనీసం 5 నిమిషాలు, వీలైతే 10 నిమిషాలు ఆగండి. డిప్‌స్టిక్ తీసి నూలుపోగులు వదలని గుడ్డతో శుభ్రంగా తుడిచి, చివరి వరకూ గట్టిగా దించి, మళ్లీ తీసి చూడండి. మొదటిసారి తీసినప్పుడు కనిపించేది కొలత కాదు, గొట్టం గోడలకు అంటిన ఆయిల్ కూడా దాని మీద పూసుకుని ఉంటుంది. పుల్లకు రెండు పక్కలా చూసి, ఆయిల్ తెంపు లేకుండా తడిగా ఉన్న దిగువ హద్దునే లెక్కలోకి తీసుకోండి. కొత్త ఆయిల్ నీళ్లలా తేటగా ఉంటుంది కాబట్టి వెలుతురుకు అడ్డంగా వంచి చూస్తేనే ఆ హద్దు తెలుస్తుంది.

వేడికి ఆయిల్ వ్యాకోచిస్తుందన్నది నిజమే. సుమారు 3 లీటర్ల ఆయిల్ 60 డిగ్రీలు వేడెక్కితే 100 మిల్లీలీటర్లకు కాస్త పైగా పెరుగుతుంది. అందుకే ఒకరోజు చల్లగా, మరొకరోజు వేడిగా చూసి పోల్చుకోకుండా, ప్రతిసారీ ఒకే పద్ధతిలో చూడటం అవసరం.

ఎర్ర దీపం విషయంలో మాత్రం దయచేసి నిశ్చింతగా ఉండకండి. అది మట్టాన్ని చూపదు, ఒత్తిడి పడిపోయిందని చెబుతుంది. మలుపుల్లో అది మినుకుమనే సరికి పంపు ఆయిల్‌తో పాటు గాలిని కూడా లాగుతూ ఉండవచ్చు. అప్పటికే బేరింగులకు నష్టం మొదలై ఉంటుంది.

జవాబు: నల్లగొండ షెడ్డు

పై జవాబు సరైనదే. పోయడం గురించి నేను రెండు మాటలు చేరుస్తాను. చాలా కార్లలో రెండు గీతల మధ్య తేడా దాదాపు ఒక లీటరు, చిన్న ఇంజన్లలో అంతకంటే తక్కువే ఉండవచ్చు. మీ కారులో ఆయిల్ పై గీత దగ్గరే ఉంది కనుక ఆ లీటరు పోయించి ఉంటే మట్టం హద్దు దాటి, తిరిగే క్రాంక్ ఆయిల్‌ను తాకి నురుగు చేసేది. నురుగెత్తిన ఆయిల్ బేరింగులను కాపాడలేదు. పైగా సీళ్ల దగ్గర కారడం, పొగ రావడం మొదలవుతాయి. అవసరమైనప్పుడు కూడా 200 మిల్లీలీటర్ల చొప్పున పోసి, కాసేపు ఆగి, మళ్లీ చూడాలి.

తగ్గడం గురించి అందరూ భయపడతారు కానీ, పాత కార్బొరేటర్ కార్లలో ఏమీ పోయకుండానే మట్టం పెరిగితే అది ఇంకా తీవ్రమైన విషయం. వీటిలో పెట్రోలు పంపు ఇంజన్‌కే అమర్చి ఉంటుంది. దాని లోపలి డయాఫ్రమ్ చిరిగితే పెట్రోలు నేరుగా ఛాంబర్‌లోకి దిగి ఆయిల్‌ను పలుచన చేస్తుంది. డిప్‌స్టిక్ తీసినప్పుడల్లా ఒకసారి వాసన చూడండి. పెట్రోలు వాసన గట్టిగా వస్తే కారు నడపకుండా పంపు చూపించి, ఆయిల్ మార్పించండి. ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే నీరు చేరిందని అర్థం, హెడ్ గ్యాస్కెట్ మీద అనుమానం పెట్టుకోవాలి. నల్లబడటం మాత్రం సహజమే, దాని గురించి ఆందోళన అక్కర్లేదు.

గోదావరి గట్టు

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఇకపై ఉదయం, పోర్టికోలో చదునుగా ఉన్న చోటే చూస్తాను. వాసన ఎప్పుడూ చూడలేదు, రేపే చూస్తాను. ఇంకొక్క సందేహం: ఎప్పుడైనా కొద్దిగా పోయవలసి వస్తే, లోపల ఉన్న కంపెనీ ఆయిలే కావాలా?

జవాబు: ట్యాపెట్ కవర్

అదే కంపెనీ కానక్కర్లేదు, మాన్యువల్‌లో సూచించిన గ్రేడుకు సరిపోతే చాలు. మీ ఇంజన్‌లో 20డబ్ల్యూ40 ఉంటే, కొద్దిగా చేర్చేందుకు వేరే కంపెనీ 20డబ్ల్యూ40 పోయవచ్చు. మోటారు సైకిళ్ల కోసం చేసిన ఆయిల్ మాత్రం కారులో వాడకండి. పోసిన తేదీ, మీటరు రీడింగు, పరిమాణం ఒక చిన్న పుస్తకంలో రాసుకోండి. రెండు సర్వీసుల మధ్య వాడకం క్రమంగా పెరుగుతున్నట్లు తేలితే, రాత్రంతా నిలిపాక స్టార్ట్ చేసినప్పుడే నీలిపొగ వస్తోందా, ఎత్తు ఎక్కుతున్నప్పుడు కూడా వస్తోందా అని గమనించి చెప్పండి. మొదటిదైతే చాలావరకు వాల్వ్ సీళ్లు, రెండోదైతే పిస్టన్ రింగులు.