మనుషుల్నా, మనుషుల్నీనా?

పాతపుస్తకం: జర్మన్ కవి హైనే వాక్యమొకటి రెండ్రోజులుగా బుర్రలో తిరుగుతోంది. "పుస్తకాల్ని కాల్చిన చోట చివరికి మనుషుల్నీ కాలుస్తారు." 'మనుషుల్ని'నా, 'మనుషుల్నీ'నా? 1933 మే 10న నాజీల హయాంలో బెర్లిన్‌లో వేసిన పుస్తకాల మంట మీద వ్యాసంలో వాడాలి.

అరసున్న: దీర్ఘమే. జర్మన్‌లోని 'ఔఖ్' (అంటే 'కూడా') అంతా ఆ 'నీ'లోనే ఉంది. శ్రీశ్రీ 'హీనంగా చూడకు దేన్నీ'లో దీర్ఘం తీసేసి చదవండి, తెలుస్తుంది.

గట్టుమీద పంతులు: ఆ దీర్ఘం 'కూడా' కాదండీ, 'ఏదైనా సరే' అని. పైగా కింద 'అన్నీ'తో అంత్యప్రాస. మీ తీర్పు ఒప్పు, సాక్ష్యం తప్పు.

మిట్టమధ్యాహ్నం: నాకు ఇబ్బంది 'కాలుస్తారు' దగ్గర. మనుషుల్ని కాల్చారంటే మనకి తుపాకీయే. 'దహనం' అంటే శ్మశానం. మూలంలో 'ఫెర్‌బ్రెన్ట్' (కాలుస్తారు) పక్కపక్కనే రెండుసార్లు వస్తుంది, కాబట్టి రెంటికీ ఒకే క్రియ కావాలి. 'తగలబెట్టు' అనండి.

అరసున్న: గడ్డివామి గుర్తొస్తుంది.

మిట్టమధ్యాహ్నం: రానివ్వండి. ఆ రాత్రి వాన పడుతుంటే పెట్రోలు పోసి అంటించారు. అదీ యూనివర్సిటీ విద్యార్థులు! రచయితల పేర్లు అరిచి మరీ విసిరారు. రచయిత కేస్ట్నర్ గుంపులో నిలబడి తన పుస్తకాలు కాలడం చూశాడు.

గట్టుమీద పంతులు: హైనే 1856లోనే పోయాడు, నాజీల్ని ఎరగడు. 'అల్మన్సోర్' నాటకంలో, గ్రనడా బజారులో ఖురాన్‌ని మంటల్లో వేశారని విని హసన్ పాత్ర పలికే మాట ఇది. ముందు 'ఇది ఫోర్‌ష్పీల్ మాత్రమే' అంటాడు, అంటే అసలు ఆటకి ముందు వచ్చేది. దాన్ని దయచేసి నాంది అనకండి, నాంది మంగళం. 'పూర్వరంగం' అనండి.

అరసున్న: నాంది కూడా పూర్వరంగంలో భాగమేగా పంతులుగారూ?

గట్టుమీద పంతులు: దానికి వేరే పోస్టు పెట్టండి, తేల్చుకుందాం.

పాతపుస్తకం: 'చివరికి' కూడా గుచ్చుకుంటోంది. నాజీల దహావు నిర్బంధ శిబిరం మార్చి 22నే తెరిచారు, పుస్తకాల మంటకి ఏడు వారాల ముందే.

రైలుపెట్టె: బెర్లిన్‌లో ఆ పుస్తకాలు కాల్చిన చౌకులో ఫలకం చూశాను. నేలలో గాజు కింద ఖాళీ అరలు, పక్కన ఈ వాక్యం. హైనే రాసింది 'ఔఖ్ అమ్ ఎండె మెన్షెన్' ('అమ్ ఎండె' అంటే చివరికి, 'మెన్షెన్' అంటే మనుషులు). ఫలకం మీద 'అమ్ ఎండె ఔఖ్ మెన్షెన్'. 'ఔఖ్' జరిగేసరికి నడక కుంటింది. హైనే పాదంలో ఊనిక సరిగ్గా 'ఔఖ్' మీదే పడుతుంది.

అరసున్న: చూశారా, దీర్ఘం!

పాతపుస్తకం: సరే, 'మనుషుల్నీ' అని పంపేస్తున్నా.

గట్టుమీద పంతులు: ఆగండి. మొదట్లో 'పుస్తకాల్ని' ఏమిటి? జడానికి 'ని' ఎందుకు? 'పుస్తకాలు కాల్చిన చోట' చాలదూ?